బంక మామయ్య నలభై ఒక్క పుస్తకాలు

బంక మామయ్య కంట పడిన కాగితం మళ్ళీ చెత్తకుండీ మొహం చూడదు. ఆయనకున్న పిచ్చి అదొక్కటే. ఆ ఒక్క పిచ్చికే వీధి వీధంతా గజగజలాడేది.

బస్సు టిక్కెట్టు, మందుల చీటీ, నీళ్ళు రావని గోడకు అంటించిన నోటీసు, పిల్లల ప్రోగ్రెస్ కార్డు, సబ్బు మీది అట్ట, ఎవరో ఎవరికో రాసి మనసు మార్చుకుని నలిపి పారేసిన ఉత్తరం, ఏదైనా సరే ఆయనకు పనికొచ్చేదే. ఏరేవాడు, దులిపేవాడు, తడిసి ఉంటే ఇస్త్రీ చేసేవాడు, మైదా బంక పూసి పుస్తకంలో అంటించి, కింద తేదీ వేసి, "దొరికిన చోటు" అని కూడా రాసేవాడు. ముప్పై ఏళ్ళు ప్రెస్సులో బైండరుగా చేసిన మనిషి కాబట్టి ఆ పుస్తకాలు తనే కుట్టుకున్నాడు. ఒక్కోటి నాలుగు వేళ్ళ మందం, గుడ్డ వీపు, అట్ట మీద నంబరు. ఇప్పటికి నలభై ఒకటయ్యాయి. పురుగు పట్టకుండా బంకలో మైలతుత్తం కలిపేవాడు. ఆయన రెండు గదులూ, చొక్కాలూ, ఆఖరికి ఆయన దగ్గు కూడా అదే వాసన.

"ఇది మన వీధి చరిత్రమ్మాయ్," అనేవాడు మేనకోడలితో. "రాజుల సంగతి రాయడానికి బోలెడుమంది ఉన్నారు. మూడో నంబరింటివాళ్ళ సంగతి ఎవడు రాస్తాడు?"

"రాయమని మూడో నంబరింటివాళ్ళు అడిగారా మామయ్యా?"

"వాళ్ళెందుకడుగుతారు? వందేళ్ళు పోయాక వాళ్ళ మునిమనవలు అడుగుతారు. అప్పుడు నేనుండను కదా, అందుకే ఇప్పుడే అంటిస్తున్నా."

ఈ మేనకోడలు పెద్దాసుపత్రిలో వార్డు సిస్టరు. ముప్పై నాలుగేళ్ళ మనిషి, గొంతు సవరించుకుంటే చాలు, రోగుల జ్వరం ఒక డిగ్రీ దానంతటదే దిగిపోయేదని చెప్పుకునేవారు. ఆమె నెత్తురుకు భయపడదు, పెద్ద డాక్టరుకు భయపడదు. భయపడేదల్లా మామయ్య గదిలో గోడ పొడుగునా ఉన్న ఆ చెక్క అల్మారాకు. దాని ముందునుంచి నడిచేటప్పుడు, గుంతలున్న రోడ్డు మీద గర్భిణిని తీసుకెళ్ళే రిక్షావాడిలా మెల్లిగా, ఊపిరి బిగబట్టి నడిచేది.

మామయ్య ఒకసారి ఎగిరిపోతున్న కాగితం వెంట రోడ్డు మీద పరిగెత్తి, కాలు విరగ్గొట్టుకుని, ఆమె వార్డుకే వచ్చాడు. స్ట్రెచర్ మీద పడుకుని పళ్ళు బిగబట్టి ఆయన అన్న మొదటి మాట: "ఆ ఎక్స్‌రే కవరు పారెయ్యకండి సిస్టరుగారూ."

"సిస్టర్ని కాదు మామయ్యా, నేను. నీ మేనకోడల్ని."

"నువ్వా! అయితే మరీ మంచిది. నా జ్వరం చార్టు కూడా తీసిపెట్టు."

కుడి పిడికిలి ఎంతకీ విప్పడే! నరం ఏమన్నా పట్టేసిందేమోనని ఇద్దరు నర్సులు కూర్చుని ఒక్కో వేలూ విప్పారు. లోపల ఎవరిదో లాండ్రీ చీటీ. రెండు చొక్కాలు, ఒక దుప్పటి.

వీధిలో జనం మొదట్లో నవ్వేవాళ్ళు. తర్వాత్తర్వాత ఆ నవ్వు తగ్గింది. కాగితాలు ఇంట్లోనే దాచుకోవడం మొదలైంది. దాచుకోలేనివి చింపి పారేసేవాళ్ళు. చింపితే మాత్రం! టైపు మాస్టారు ఒకసారి ఒక కాగితాన్ని ముప్పై రెండు ముక్కలు చేసి, కొన్ని కాలవలోనూ కొన్ని కుండీలోనూ కొన్ని బజారు మొగలోనూ పడేసి వచ్చారు. అది పక్కింటాయన మీద పై అధికారులకు రాసిన ఆకాశరామన్న ఉత్తరం. పేరు లేదు గానీ, మాస్టారి మిషను మీద "ర" అక్షరం ఎప్పుడూ ఒక మెట్టు పైకెక్కి కూచుంటుంది. ఆ "ర" చూస్తే పాలు పోసే మనిషి కూడా ఉత్తరం ఎవరిదో చెప్పేస్తాడు.

నాలుగో రోజున మామయ్య ఆయన గుమ్మంలో నిలబడ్డాడు.

"మాస్టారూ, ముప్పై ఒకటి దొరికాయి. ఒక ముక్క తగ్గింది. ఇంట్లో ఎక్కడన్నా ఉందేమో చూస్తారా?"

భయంలో మనిషి ఏం చేస్తాడో వాడికే తెలియదు. మాస్టారు లోపలికెళ్ళి, బల్ల కింద వెతికి, ఆ ముప్పై రెండో ముక్క తెచ్చి చేతిలో పెట్టేశారు. మామయ్య దండం పెట్టి వెళ్ళిపోయాడు. మాస్టారు మాత్రం ఆ వారమంతా పక్కింటాయన దగ్గితే ఉలిక్కిపడుతూనే ఉన్నారు.

మేనకోడలి భయం ఇంతకన్నా పాతది. దాని వయసు పదహారేళ్ళు.

ఆమెకు పద్దెనిమిదేళ్ళప్పుడు నర్సు చదువుతానని పట్టుబట్టింది. అమ్మ పదిమంది చుట్టాల ముందు పకపకా నవ్వింది. "వేలు తెగితే కళ్ళు తిరిగి పడిపోయేదానివి, నువ్వు నర్సువేంటే!" అంది. మర్నాడు మధ్యాహ్నం ఆ పిల్ల నోట్‌బుక్‌లోంచి ఒక కాగితం చింపి, అమ్మకు ఉత్తరం రాసింది. ఎలాంటి ఉత్తరమంటే, తర్వాత ఎప్పుడు గుర్తొచ్చినా చెవులు కాలేలాంటి ఉత్తరం. నీ కడుపున పుట్టడం నా ఖర్మ అని ఉంది అందులో. ఇవాళ్టినుంచీ నువ్వు నాకు అమ్మవి కాదు, నీకు రోగమొచ్చినా నేను రాను అని ఉంది. దాన్ని వంటింటి బల్ల మీద పెట్టి, సంచి భుజాన వేసుకుని బస్టాండుకు వెళ్ళింది. అక్కడ సిమెంటు బెంచీ మీద మూడు గంటలు కూర్చుంది. అయిదు బస్సులు వచ్చాయి, వెళ్ళాయి. ఒక్కదాంట్లోనూ కాలు పెట్టలేకపోయింది. ఆరింటికి తిరిగి ఇంటికొచ్చింది.

బల్ల మీద ఉత్తరం లేదు.

"కాళ్ళు కడుక్కుని రా, అన్నం పెడతా," అంది అమ్మ. అంతే. ఇంకో మాట లేదు. నెల తిరక్కుండా అమ్మే దగ్గరుండి తీసుకెళ్ళి నర్సుల బళ్ళో చేర్చింది.

అమ్మ చదివిందా? చదివి, కడుపులో పెట్టుకుందా? పదహారేళ్ళుగా ఆ పిల్ల, పిల్ల పోయి సిస్టరై కూడా, అదే ప్రశ్నతో చస్తూ బతికింది. అమ్మ కాస్త ముభావంగా ఉంటే ఉత్తరం గుర్తొచ్చేది. అమ్మ మరీ ప్రేమగా ఉంటే ఇంకా గట్టిగా గుర్తొచ్చేది. అడుగుదామని రెండుసార్లు నోరు తెరిచి, "కూరలో ఉప్పు సరిపోయింది" అని మూసేసింది. ఇక ఆ రోజు ఇంటికి వచ్చి వెళ్ళిన మనిషి ఒక్కడే, మామయ్య. ఆయన రోజూ ఏదో ఒక వేళ అక్క ఇంటికి రాకుండా ఉండడు. బల్ల మీద కాగితం ఉంటే ఆయన చెయ్యి ఊరుకోదు. అంటే ఆ ఉత్తరం అల్మారాలో ఉండి తీరాలి. ఏ పుస్తకంలో, ఏ పేజీలో అన్నదొక్కటే తెలియదు.

అల్మారా మూసి ఉన్నంతకాలం ఆమె ఎలాగో నెట్టుకొచ్చింది. ఒక శుక్రవారం పొద్దున లైబ్రరీ తలుపు మీద ఒక నోటీసు వెలిసింది.

"లైబ్రరీకి యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా మన వీధి జ్ఞాపకాల ప్రదర్శన. నలభై ఒక్క పుస్తకాలూ అందరూ చూడవచ్చు. ఆదివారం ఉదయం పది గంటలకు. ప్రారంభించేవారు..." అని, ఆ కింద సాక్షాత్తూ అమ్మ! బంక మామయ్య అక్కగారట. ఆవిడే మొదటి పుస్తకం మొదలు చివరిదాకా తిప్పి చూపిస్తుందట.

సిస్టరు ఆ నోటీసు మూడుసార్లు చదివింది. మూడోసారికి అక్షరాలు అలుక్కుపోయాయి. డ్యూటీకెళ్ళి, థర్మామీటరు తన నోట్లో పెట్టుకుని, రోగిని "ఎంతుంది?" అని అడిగింది.

సాయంత్రం పళ్ళ డాక్టరు గారి క్లినిక్‌లో రహస్య సమావేశం జరిగింది. డాక్టరు, టైపు మాస్టారు, సిస్టరు. కుర్చీలో నోరు తెరుచుకుని ఒక రోగి కూడా ఉన్నాడు గానీ ఆయన్ను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

"నా సంగతి మీకు తెలీదు సిస్టరమ్మా," అన్నారు డాక్టరు, చేతిలో పట్టుకారు ఊపుతూ. "ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒకాయనకు పుచ్చిన పన్ను వదిలేసి, పక్కన బంగారంలాంటి పన్ను పీకేశాను. క్షమించమని ఆయనకు ఉత్తరం రాద్దామని కూచుని పద్నాలుగు చిత్తుప్రతులు నలిపి పారేశాను. ఒక్కటైనా కుండీలో మిగల్లేదు. అన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి. ఆదివారం జనం చదివారంటే నా దగ్గరికి పన్ను చూపించుకోడానికి ఎవడొస్తాడు?"

కుర్చీలో రోగి కళ్ళు ఇంతింతయ్యాయి. "ఆ... ఆ..." అంటూ లేవబోయాడు.

"మీది సరైన పన్నే లెండి," అని డాక్టరు ఆయన్ను వెనక్కి తోశారు.

"పక్కింటాయనతో ఇప్పుడు నాకు మంచి స్నేహం," అన్నారు టైపు మాస్టారు నీరసంగా. "మొన్న నాకు జ్వరమొస్తే రెండు రోజులు వాళ్ళింటినుంచే గంజి వచ్చింది. నా 'ర' చూశాడంటే ఇంక ఆయన మొహం నేను చూడలేను."

"మరి మీదేముంది సిస్టరమ్మా?" అని ఇద్దరూ అడిగారు.

"నాదా? నాదేమీ లేదు," అంది ఆమె. అని, కాటన్ ముక్క తీసుకుని నుదురు తుడుచుకుంది.

చివరికి తేలిందేమిటంటే, ఎవరో ఒకరు లోపలికెళ్ళి ఆ పేజీలు మాయం చెయ్యాలి. మామయ్య ఇంటికి అనుమానం రాకుండా వెళ్ళగలిగేది మేనకోడలు. పైగా అంటుకున్నవాటిని చర్మం ఊడకుండా పీకడం నర్సులకు బాగా అలవాటు. శనివారం మధ్యాహ్నం రెండింటినుంచి నాలుగింటిదాకా మామయ్య బల్లలు కొలవడానికి లైబ్రరీకి వెళ్తాడు. అదే ముహూర్తం. డాక్టరు తన పల్చటి సన్న కత్తి ఒకటి, మొన తిరిగిన పట్టుకారు ఒకటి గుడ్డలో చుట్టి ఇచ్చారు.

"నా పద్నాలుగూ మర్చిపోకండి."

"నా ముప్పై రెండు ముక్కలూ..."

శనివారం రెండుంబావుకు ఆమె మామయ్య తలుపు తోసింది. ఆ తలుపుకు ఎన్నడూ తాళం ఉండేది కాదు. కాగితాలు ఎవరు దొంగిలిస్తారని! ఎదురుగా అరుగు మీద డాక్టరూ మాస్టారూ, ఆపరేషన్ గది బయట కూర్చున్న చుట్టాల్లా చేతులు నలుపుకుంటూ కూర్చున్నారు.

కిటికీలోంచి పడిన ఎండలో దుమ్ము తిరుగుతోంది. అల్మారా తలుపు తీస్తే కిర్రుమంది. ఆమె పదహారేళ్ళ కిందటి తేదీ వెతుక్కుంటూ పుస్తకాల వీపుల మీద వేలు జరిపింది. ఇరవై నాలుగు. ఇరవై అయిదు. ఇరవై ఆరు. తీసి బల్ల మీద పెట్టింది. నాలుగు వేళ్ళ మందం పుస్తకం నాలుగు మణుగుల బరువున్నట్టనిపించింది.

పేజీ తిప్పింది. ఎవరిదో బియ్యం సంచి చీటీ. ఇంకో పేజీ. ఒక పాపాయి పుట్టిందని రాసిన పోస్టుకార్డు. మూడో నంబరింటివాళ్ళ కరెంటు బిల్లు. తేదీలు ఒక్కొక్కటే దగ్గరికొస్తున్నాయి. రేపు పొద్దున ఇదే పేజీ మీద అమ్మ వేలు. అమ్మ కళ్ళజోడు. అమ్మ గట్టిగా చదివే అలవాటు! అమ్మ ఏదీ మనసులో చదువుకోదు. "నీ కడుపున పుట్టడం" అని లైబ్రరీ హాలంతా వినబడేలా అమ్మ గొంతు.

ఆ తేదీ వచ్చింది. ఆమె కళ్ళు మూసుకుంది. తెరిచింది.

పేజీ నిండా ఒక కాగితం. గీతల నోట్‌బుక్ కాగితమే. కానీ దాని మీద ఒక్క అక్షరం లేదు.

ఒక్క క్షణం ఏమీ బోధపడలేదు. వేలితో తడిమింది. గుచ్చి గుచ్చి రాసిన పెన్ను మొన వెనకవైపు తేలిన గరుకు వేలికి తగిలింది. అవి తన అక్షరాలే, తిరగబడి ఉన్నాయి. ఉత్తరాన్ని బోర్లా అంటించాడు! రాసిన వైపంతా బంక పూసి, ఖాళీ వైపు పైకి పెట్టి. కింద మామయ్య గుండ్రటి చేతిరాత:

"ఈ రోజు మా మేనకోడలు బస్టాండు దాకా వెళ్ళి వచ్చింది. సాయంత్రం ఆరింటికి ఇంట్లో ఉంది. రెండుసార్లు అన్నం పెట్టించుకుంది."

ఆమె పట్టుకారు తీసి ఒక మూల పట్టుకుని లాగింది. ఊడలేదు. సన్న కత్తి దూర్చబోయింది. కత్తి వంగింది.

"అది ఊడదమ్మాయ్," అంది వెనకనుంచి గొంతు. "దానికి మైదా ఓ చెంచా ఎక్కువేశాను."

ఆమె చేతిలోని పట్టుకారు ఠంగుమని నేలమీద పడింది. పెరటి గుమ్మంలో మామయ్య. కొలిచే టేపు మర్చిపోయి వెనక్కి వచ్చాడట. ఆయనకు కోపం రాలేదు. వంగి పట్టుకారు తీసి, ఊది, బల్ల మీద పెట్టాడు.

"మామయ్యా," అంది ఆమె. "అమ్మ... అమ్మ ఇది చదివిందా?"

"అక్క పెరట్లో గుడ్డలు ఆరేస్తోంది. నేను మంచినీళ్ళు తాగుదామని వంటింట్లోకొస్తే బల్ల మీద ఉంది. కాగితం కనబడితే నా చెయ్యి ఆగుతుందా?"

"మరి నువ్వు?"

"మొదటి మాట చదివాను. 'అమ్మా' అని ఉంది. నాకు రాసింది కాదని అర్థమైంది. మడిచేశాను."

"చదవకుండానే బోర్లా ఎందుకు పెట్టావ్? అందులో ఏముందో నీకెలా తెలుసు?"

"ఒకే ఇంట్లో ఉండి, అన్నం పెట్టే అమ్మకి ఉత్తరం రాసిందంటే అది ఎలాంటి ఉత్తరమో తెలియడానికి చదవాలా ఏంటి? నీ సంచి లేదు, చెప్పుల్లేవు. సైకిలెక్కి బస్టాండుకొచ్చాను. నువ్వు బెంచీ మీదున్నావ్. నేను టైముల బోర్డు వెనకాల నిలబడ్డాను, మూడు గంటలు. బస్సెక్కితే నీ వెంట ఎక్కుదామని ఒక కాలు, ఉత్తరం అక్కకిద్దామని ఒక కాలు. అంత భయం నా జన్మలో ఎరగను. నువ్వు లేచి ఇంటివైపు నడిచావ్. నాక్కూడా కాస్త ప్రాణం లేచొచ్చింది."

ఆమె కుర్చీలో కూలబడింది. "చింపి పారేయొచ్చుగా మామయ్యా? పదహారేళ్ళు చచ్చాను నేను."

"చింపడం నాకు చేతకాదే. ఉన్నది లేదనడం ఎలా? అయినా చింపితే మాత్రం, ముక్కలు ఎవడో ఒకడు ఏరుకుంటాడు."

"నువ్వు తప్ప ఏరుకునేవాళ్ళు ఎవరున్నారు మామయ్యా ఈ లోకంలో?"

మామయ్య నవ్వలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "మా ప్రెస్సులో ఒకమ్మాయి ఉండేది, కాగితాలు మడిచే పని. ఎవరికో ఉత్తరం రాసి చిత్తుకాగితాల్లో పడేసింది. ఒకడు ఏరి, బల్లెక్కి గట్టిగా చదివాడు. అందరూ పడీ పడీ నవ్వారు. ఆ నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. మర్నాటినుంచి ఆ పిల్ల పనిలోకి రాలేదు. ఎక్కడికెళ్ళిందో కూడా తెలీదు. అప్పట్నుంచీ రాసిన కాగితం రోడ్డు మీద కనబడితే నాకు ఒకటే భయం, నాకన్నా ముందు ఇంకెవరన్నా చూస్తారేమోనని."

"మరి ఈ సబ్బు అట్టలూ, బస్సు టిక్కెట్లూ?"

"అవా," అన్నాడు మామయ్య, కాస్త సిగ్గుపడి. "ఉత్తరాలొక్కటే ఏరితే జనానికి అనుమానం రాదూ? అందుకని అన్నీ మొదలెట్టాను. తర్వాత రుచి మరిగాననుకో."

ఆమె బయటికొచ్చేసరికి అరుగు మీది ఇద్దరూ ఒక్కసారిగా లేచారు.

"ఎలా ఉంది సిస్టరమ్మా? ఊడిందా?"

ఆమె గుడ్డలో చుట్టిన కత్తి డాక్టరు చేతిలో పెట్టి, వార్డులో చెప్పినట్టే చెప్పింది. "రేపు పదింటికి వచ్చి మీ పేజీలు మీరే చూసుకోండి. ఏమీ తినకుండా రావక్కర్లేదు."

ఆదివారం పదింటికి లైబ్రరీ హాల్లో ఇసుక వేస్తే రాలనంతమంది జనం. సగంమంది చూడటానికి, సగంమంది తమని ఎవరూ చూడకుండా కాపలా కాయడానికి. ఎవరి పుస్తకం ముందు వాళ్ళు వీపు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. పళ్ళ డాక్టరు చెమటలు కక్కుతూ పద్దెనిమిదో పుస్తకం తెరిచారు. పద్నాలుగు ఖాళీ కాగితాలు వరసగా. కింద ఒక్క వాక్యం: "డాక్టరు గారు ఆ మనిషి తలుపు తీసేదాకా నాలుగుసార్లు వాళ్ళింటికి వెళ్ళారు." డాక్టరు అది చదివి, జేబురుమాలు తీసి, మొహం తుడుచుకున్నారు. టైపు మాస్టారి పేజీలో ముప్పై రెండు తెల్లటి ముక్కలు, ఒక్కటీ తప్పిపోకుండా ఒకదాని పక్కన ఒకటి అమర్చి ఉన్నాయి. కింద: "మాస్టారు ఇది పోస్టు చెయ్యలేదు."

"ఏంటి మాస్టారూ ఇది, ముగ్గులా ఉంది?" అన్నాడు పక్కింటాయన భుజం మీదుగా వంగి.

"ముగ్గే," అన్నారు మాస్టారు గబగబా. "ముగ్గే అనుకోండి."

అమ్మ మాత్రం ఎవరినీ పట్టించుకోకుండా, వేలు తడి చేసుకుంటూ, వరసగా తిప్పుకుంటూ ఇరవై ఆరో పుస్తకం దాకా వచ్చింది. మేనకోడలు పక్కనే నిలబడింది. ఆ పేజీ వచ్చింది.

"ఇదేంట్రా, ఉత్త కాగితం అంటించావ్?"

"ఉత్తది కాదక్కా, మంచి రకం. అలాంటి కాగితం మా ప్రెస్సులో కూడా ఉండేది కాదు."

అమ్మ కళ్ళజోడు సర్దుకుని కింది వాక్యం గట్టిగా చదివింది. "'...ఆరింటికి ఇంట్లో ఉంది. రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.' దీన్ని కూడా చరిత్రంటార్రా?" అంది. కళ్ళజోడు పైనుంచి కూతురి వైపు ఒక్క క్షణం చూసింది. తర్వాత పేజీ తిప్పేసింది.

సోమవారం పొద్దున మామయ్య తలుపు తీసేసరికి గుమ్మంలో వరస కట్టి ఉన్నారు జనం. ప్రతివాళ్ళ చేతిలో మడతపెట్టిన కాగితం. కొందరివి పాతవి, పసుపెక్కినవి. కొందరివి రాత్రే రాసినట్టు ఇంకా ఇంకు వాసన వేస్తున్నాయి. మామయ్య చెవిమీద బ్రష్షు పెట్టుకుని, కాలరు గుండ్రంగానా కోసుగానా అని అడిగే దర్జీలా, ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు.

"బోర్లానా, వెల్లకిలానా?"

"బోర్లా," అన్నారు టైపు మాస్టారు. "ఇంకోటుంది. ఇదీ పోస్టు చెయ్యలేదు."

"బోర్లా," అన్నారు పళ్ళ డాక్టరు.

"మళ్ళీ పన్నా?"

"కాదండీ. ఇది మా ఆవిడకి."

మేనకోడలు డ్యూటీకి పోతూ పోతూ, మామయ్యకు సాయంగా కాసేపు బంక గిన్నె పట్టుకుంది. వరస చివర ఎవరో కొంగు చాటున కాగితం దాచుకుని నిలబడ్డారు. దగ్గరికొచ్చాక చూస్తే అమ్మ!

"బోర్లా వెయ్యరా," అంది అమ్మ తమ్ముడితో, కూతుర్ని చూడనట్టే. "గట్టిగా వెయ్యి. ఇది కనబడకూడదు దీనికి."

"నాకా? నా గురించా అమ్మా? ఎప్పుడు రాశావ్?"

"నీకు పద్దెనిమిదేళ్ళప్పుడు. నిన్ను భరించడమంటే నీకేం తెలుసే! ఇద్దామని రాశాను, ఇవ్వడానికి గుండె చాల్లేదు. ఇన్నాళ్ళూ పప్పు డబ్బా అడుగున పెట్టుకుని, నీకు దొరుకుతుందేమోనని డబ్బా కడగడం కూడా మానేశాను."

సిస్టరుకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసి దగ్గొచ్చింది. బంక గిన్నె కింద పెట్టి, కాగితం ఒక మూల తనే పట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని, అరచేత్తో మెల్లిగా నొక్కి అంటించింది.

"కింద ఏం రాయమంటావక్కా?" అన్నాడు మామయ్య.

"కూతురు కాగితం పట్టుకుంది, తొంగి చూడలేదు అని రాయి."

"ఒక్క మాట కనబడిందమ్మా," అంది కూతురు. "చూద్దామని కాదు, కంట పడింది."

అమ్మ మొహంలో రంగు మారింది. "ఏ మాట?"

"'గాడిద' అని."

"ఓ, అదా!" అమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుని, హమ్మయ్య అని ఊపిరి వదిలింది. "అది నువ్వు కాదులే. మీ మామయ్య."

బంక మామయ్య బ్రష్షు గాల్లోనే ఆగిపోయింది. ఇన్నేళ్ళలో మొట్టమొదటిసారి, పరాయి ఉత్తరం ఒకటి చదవాలని ఆయన ప్రాణం కొట్టుకుపోయింది. అక్క చూడటం లేదనుకుని, తడి ఆరని మూలను గోటితో మెల్లిగా లేపబోయాడు.

అక్క ఆ చేతిమీద ఫెడీమని ఒక్కటేసింది.